భూమి తోకలో రొద

సూర్యుడి నుంచి విసిరే సౌరపవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని ముందువైపు నొక్కేస్తుంది, వెనకవైపు చంద్రుణ్ణి దాటిపోయేంత తోకగా సాగదీస్తుంది. తోక నిండా విడిపోయిన ఎలక్ట్రాన్లు, అయాన్లు. అదే ప్లాస్మా. 1973లో అమెరికా పంపిన ఐఎంపీ-8 ఉపగ్రహానికి అక్కడ ఒక వింత రొద దొరికింది. 10 హెర్ట్జ్ మొదలు కొన్ని కిలోహెర్ట్జ్‌ల దాకా ఒకటే గోల. విద్యుత్ క్షేత్రం ఊగిపోతోంది, అయస్కాంత క్షేత్రంలో మాత్రం దానికి జోడీ అలజడి లేదు. అయోవా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గర్నెట్, ఆయన సహచరులు 1976లో దీన్ని ప్రకటించారు. బ్రాడ్‌బ్యాండ్ ఎలక్ట్రోస్టాటిక్ నాయిస్ అన్న పేరు స్థిరపడిపోయింది.

అయాన్ల ప్రవాహాలే కారణమన్నారు కొందరు. కింది పౌనఃపున్యాలకు లెక్క కుదిరింది, పైవాటికి కుదర్లేదు. ఆనాటి పరికరాలు చాలావరకు ఏ పౌనఃపున్యంలో ఎంత బలముందో చెప్పేవే గానీ, తరంగం ఆకారం చూపేవి కావు.

మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చెక్కేచోట చూడండి. వీధి మలుపులో వినిపించేది వట్టి మోత. గుమ్మం దాకా వస్తే పనసదుంగ మీద ఒక్కో ఉలిదెబ్బ విడిగా తెలుస్తుంది, పెచ్చు లేచిన దెబ్బేదో, లేవనిదేదో కూడా.

ఆ గుమ్మం దాకా వెళ్లింది జియోటెయిల్. జపాన్, నాసా కలిసి 1992 జులైలో పంపిన ఈ ఉపగ్రహం తరంగ రూపాన్నే నమోదు చేసింది. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి మత్సుమోతో బృందం 1994లో ఆ గీతలు బయటపెట్టింది. రొద ఎక్కడా లేదు! కొన్ని మిల్లీసెకన్ల పాటు ఒకసారి పైకి, ఒకసారి కిందికి కొట్టే ఒంటరి స్పందనలు వరసగా ఉన్నాయి. అంత పొట్టి స్పందనను పౌనఃపున్యాలుగా విడగొడితే అన్నిటా కాస్తకాస్త కనిపిస్తుంది, గోలలా తోస్తుంది. ఎలక్ట్రాన్ల ప్రవాహం అస్థిరమైనప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు విద్యుత్ గుంటల్లో చిక్కుకుని ప్రయాణిస్తాయని వారి కంప్యూటర్ లెక్కలు చూపాయి.

మనవాళ్లూ ఊరుకోలేదు. విశాఖపట్నంలో అయస్కాంత అబ్జర్వేటరీ నడిపే భారతీయ భూఅయస్కాంత సంస్థలోనే ఎస్.వి. సింగ్, ఆర్.వి. రెడ్డి, జి.ఎస్. లఖీనా 2001లో మరో దారి చూపారు. వేడి, చల్లని ఎలక్ట్రాన్లు కలిసున్నచోట పుట్టే ఎలక్ట్రాన్-అకూస్టిక్ తరంగాలూ ఈ రొదకు కారణం కావచ్చన్నారు. తోక వరకు క్యోటోవారి వివరణే బలమైనదని నాకనిపిస్తుంది. ఇలాంటి స్పందనలే తర్వాత శనిగ్రహం దగ్గర కసీనీ వ్యోమనౌకకీ దొరికాయి.