వేరు కుంపట్ల లెక్క: స్థానిక సంస్థల గృహ ప్రణాళికలో ఆధారాలు, వైరుధ్యాలు

ఒక ఊరికి ఎన్ని ఇళ్లు కావాలి అన్న ప్రశ్నకు జవాబు చివరికి ఒక అంకెగా తేలుతుంది. ఆ అంకె వెనక కనీసం మూడు నిర్ణయాలు ఉంటాయి: ఎవరిని ఒక కుటుంబంగా లెక్కించారు, ఎలాంటి కట్టడాన్ని ఇల్లుగా ఒప్పుకున్నారు, ఏ తేదీన లెక్క తీశారు. వీటిలో ఏ ఒక్కటి మారినా అంకె లక్షల్లో అటూ ఇటూ అయిన దాఖలాలు మన దగ్గరే ఉన్నాయి. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇళ్ల అవసరాన్ని అంచనా వేసేటప్పుడు ఏయే విషయాలు చూసుకోవాలో ఆ దాఖలాల ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. పథకాల మంచిచెడ్డలను తూచడం దీని పరిధిలోకి రాదు.

1. ముందుగా అధికారం సంగతి. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. పదో అంశం సూటిగా గ్రామీణ గృహనిర్మాణం. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. అక్కడ పట్టణ ప్రణాళిక ఉంది, భూవినియోగ నియంత్రణ ఉంది, నీటి సరఫరా ఉంది, పదో అంశంగా మురికివాడల అభివృద్ధి ఉంది. గృహనిర్మాణం అన్న మాట మాత్రం విడి అంశంగా లేదు. రెండూ 1993లో నెలన్నర లోపు తేడాతో అమల్లోకి వచ్చినవే కాబట్టి ఈ తేడా గమనించదగ్గది. అయితే దీన్ని బట్టి పట్టణాలకు గృహ బాధ్యత లేదనడం తొందరపాటు అవుతుంది. ఇంటికి కావలసిన నేల, నీరు, దారి అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఇల్లు ఎవరు కట్టినా కుళాయి అడిగేది మున్సిపాలిటీనే.

2. దేశ స్థాయి అంచనాలు. పట్టణ ఇళ్ల కొరత 2007లో 2.47 కోట్లని ఒక సాంకేతిక బృందం అంచనా వేసింది. అమితాబ్ కుండూ అధ్యక్షతన ఏర్పడిన తర్వాతి బృందం 2012 నాటికి దాన్ని 1.878 కోట్లుగా చెప్పింది. అయిదేళ్లలో అరకోటికి పైగా ఇళ్ల లోటు తీరిందని దీనికి అర్థం చెప్పుకోకూడదు. వాడదగిన స్థితిలో ఉన్న కచ్చా ఇంటిని రెండో బృందం కొరత కింద చూడకపోవడం వంటి నిర్వచనపు మార్పులకు ఈ తగ్గుదలలో గణనీయమైన పాత్ర ఉంది. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2 కోట్ల ఇళ్ల లక్ష్యంతో మొదలైంది. నగరాల వారీగా గిరాకీ సర్వే చేశాక ఆ లక్ష్యం 1.12 కోట్లకు దిగింది. 2020లో ఇక్రియర్ పరిశోధన సంస్థ ప్రచురించిన ఒక అధ్యయనమేమో 2018 నాటి కొరతను దాదాపు 2.9 కోట్లుగా లెక్కగట్టింది. ఈ అంకెలను ఒకే గీత మీద పెట్టి, కొరత తగ్గిందనో పెరిగిందనో చెప్పడం సరికాదు. కొలిచిన వస్తువు ప్రతిసారీ ఒకటి కాదు.

2012 అంచనాను విడదీస్తే మరో సంగతి బయటపడుతుంది. అసలు నీడ లేనివారి కుటుంబాలు 5.3 లక్షలు. పనికిరాని కచ్చా ఇళ్లు 9.9 లక్షలు, కాలం చెల్లినవి 22.7 లక్షలు. మిగిలిన 1.499 కోట్లు, అంటే దాదాపు 80 శాతం, ఇరుకు కింద వచ్చినవి. వాళ్లకు ఇల్లుంది, అందులో కాపురం చేసుకునే గది లేదు. ఈ పద్దును అలాగే తీసుకుంటే, ఊరి బయట కొత్త కాలనీ వేయడం కన్నా ఉన్న ఇంటి మీద ఒక గది వేసుకోవడానికి అనుమతి, అప్పు ఇప్పించడం చాలామందికి ఎక్కువ అక్కరకు వస్తుందేమోనన్న ప్రశ్న తప్పదు.

3. ఇక కుటుంబం. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటింటి భోజనం తినేవారు ఒక కుటుంబం. తెలుగులో ఈ నిర్వచనం జాతీయంలోనే ఉంది. అన్నదమ్ములు విడిపోయారని చెప్పడానికి వేరు కుంపటి పెట్టారంటాం. ఆవాస్ యోజన నిర్వచనం వేరు: భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. రేషన్ కార్డు మూడో కొలత.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ముందు గదిలో తల్లిదండ్రులు, వెనక గదిలో పెద్దకొడుకు, భార్య, ఇద్దరు పిల్లలు. వరండాకు రేకులు దించి, తడక కట్టిన భాగంలో చిన్నకొడుకు, కోడలు. గ్యాస్ పొయ్యిలు రెండు, చిన్న కోడలిది వేరు. రేషన్ కార్డు మాత్రం పేర్లు విడగొట్టకపోవడంతో ఒక్కటే. జనాభా లెక్కల వారికి ఇక్కడ రెండు కుటుంబాలు, ఆవాస్ యోజనకు మూడు, పౌరసరఫరాల శాఖకు ఒకటి. ఏదీ తప్పుడు లెక్క కాదు.

ఇలాంటి తేడా పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూపడానికి తెలంగాణ గణాంకాలు పనికొస్తాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ ప్రాంతపు కుటుంబాలు సుమారు 83 లక్షలు, జనం 3.5 కోట్లు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వేలో కుటుంబాలు కోటి దాటాయి. జనాభా విషయంలో మాత్రం 3.63 కోట్లు, 3.68 కోట్లు అని రెండు పాఠాలు ప్రచారంలో ఉన్నాయి. ఏ పాఠం తీసుకున్నా జనం పెరిగింది 3 నుంచి 5 శాతం. కుటుంబాలు పెరిగింది 20 శాతం పైనే. 2024 చివర జరిగిన ఇంటింటి సర్వేలో 1.12 కోట్ల కుటుంబాల్లో 3.54 కోట్ల మంది నమోదయ్యారు. కొన్ని ఇళ్లు ఇందులో చేరలేదన్నది నిజమే. అయినా కుటుంబపు సగటు 2011లో నాలుగు దాటి ఉండగా ఇక్కడ 3.2 కన్నా తక్కువకు వచ్చింది.

2014లో కుటుంబాల లెక్క అలా పెరగడానికి మూడు వివరణలు సాధ్యం. (అ) కుటుంబాలు నిజంగానే చిన్నవవుతున్నాయి. (ఆ) సంక్షేమ పథకాలకు ఈ సర్వేయే ఆధారమన్న ప్రచారం వల్ల ఉమ్మడి కుటుంబాలు విడివిడిగా పేర్లు రాయించుకున్నాయి. (ఇ) ఆ రోజు కోసమే చాలామంది సొంతూళ్లకు వచ్చారు. బస్సులు, రైళ్ల రద్దీని ఆనాటి పత్రికలు నమోదు చేశాయి. మూడోది నిజమైతే పల్లెల్లో లెక్క పెరిగి, వాళ్లు బతుకుతున్న నగరంలో తగ్గి ఉండాలి. ఏది ఎంతమేరకు పనిచేసిందో రాష్ట్రపు మొత్తం అంకెలు చెప్పవు, వార్డు స్థాయిలో తలుపు తట్టి చూస్తే కొంత తేలవచ్చు. రెండో వివరణలోని వాళ్లను దొంగలెక్క రాయించారని కొట్టిపారేయడం ఈ వ్యాసకర్త దృష్టిలో అన్యాయం. వేరు కాపురం పెట్టాలన్న కోరిక కూడా ఇళ్ల అవసరమే.

4. తాళం వేసిన ఇళ్లు. 2011 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్లు సుమారు 1.1 కోట్లు, 2001లో 65 లక్షలు. కొరతలోంచి దీన్ని తీసివేయడం సులువే కానీ, అమ్ముడుపోని అపార్టుమెంటూ వలసపోయిన వారి పెంకుటిల్లూ ఈ పద్దులో ఒకటే. ఆస్తిపన్ను రిజిస్టరును, కరెంటు మీటరు వాడకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే స్థానిక సంస్థకు మెరుగైన అంచనా దొరుకుతుంది.

5. స్థలం కొలత. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 నుంచి పంచిన, దాదాపు 30 లక్షలని ప్రకటించిన ఇళ్ల పట్టాల్లో పట్టణాల్లో 1 సెంటు, గ్రామాల్లో 1.5 సెంట్లు ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం 2, 3 సెంట్లకు మార్చింది. ఈ మధ్యలో, 2021 అక్టోబరులో, ఒక సెంటు చాలదన్న ఆక్షేపణతో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం పథకాన్ని ఆపింది. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టడంతో అది కొనసాగింది.

ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు. నిర్దేశించిన ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలిన 95 అడుగుల్లోనే నీళ్ల డ్రమ్ము, అంట్లు తోమే చోటు, బండి, వేసవిలో మంచం పట్టాలి. మేక ఉంటే దాన్ని వీధిలోనే కట్టేయాలి. పక్కింటివాడూ అదే చేస్తాడు కాబట్టి లేఅవుటులో వీధి వెడల్పును ఇంటి కొలతతో కలిపి నిర్ణయించడం మంచిదనిపిస్తుంది.

6. చోటు. తెలంగాణ ప్రభుత్వం కట్టిన రెండు పడకగదుల ఇళ్లలో రెండు ఉదాహరణలు పోల్చదగ్గవి. 2015 నవంబరులో ప్రారంభించిన సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లను, అంతకుముందు అక్కడే ఉన్నవారికోసం అదే స్థలంలో కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరులో 15,660 ఇళ్లు. అది సంగారెడ్డి జిల్లాలో, అప్పటి హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) హద్దుకు వెలుపల ఉంది. నగరవాసులకు అక్కడి ఇళ్లు ఎక్కువగా లాటరీలో వచ్చాయి. తాళం తీయని తలుపులు, అద్దెకిచ్చిన ఇళ్ల గురించి పత్రికలు పలుమార్లు రాశాయి. దూరమే కారణమని రూఢిగా అనలేం, కొత్త చోట పనీ బడీ కుదరడానికి ఏళ్లు పట్టవచ్చు. అయినా పనికి వెళ్లడానికి రోజుకు ఎంత ఛార్జీ అవుతుందన్న ప్రశ్న దరఖాస్తు ఫారంలో ఉండి ఉంటే, లాటరీకి ముందే కొంత తెలిసేది.

నేల స్వభావం విషయంలో ఊళ్ల పేర్లు కూడా ఒక రకం ఆధారమే. రాజమహేంద్రవరం దగ్గర ఇళ్ల స్థలాలకని ఎంచిన ఆవ భూముల వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ఆవ అంటే అక్కడివారి మాటలో నీరు నిలిచే పల్లపు నేల. పేరు ఒక్కటే రుజువు కాదు, లెవెల్ కొలతతో సరిచూసుకోవాల్సిందే. విజయవాడ వాంబే కాలనీ పేరు ఆమాత్రం సూచన కూడా ఇవ్వదు. 2001లో మొదలైన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన ఇంగ్లీషు పొడి అక్షరాలే ఊరి పేరై నిలిచాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ కాలనీ మునిగింది. మునకకు వాగు గట్లకు గండ్లు పడటం ఎంత కారణమో, పల్లం ఎంత కారణమో విడదీయడం ఇంజనీర్ల పని. ఈలోగా గోడల మీది నీటి గీతలను, వాటి మీద సున్నం పడకముందే, ఇంటి నంబరుతో సహా కొలిచి వార్డు సచివాలయంలో రాసి పెట్టుకోవచ్చు.