పేడకు చోటు

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. పెరట్లోని పెంటకుప్ప వంక ఒక్క చూపు చూసి, ఈ యేడు ఎన్ని బళ్లు తేలుతుందో చెప్పేది. పదహారంటే పదహారే. తోలేటప్పుడు పదిహేడో బండికి అడుగు గీకుతుంటే, పాలేరు ఎక్కడో బండి కొరతగా నింపాడని తేల్చేసేది.

ఆ కుప్ప కొట్టానికి తూర్పున, మూరెడు ఎత్తు దిబ్బ మీద ఉండేది. తెల్లారకముందే పారతో పేడ ఎత్తి, గంపతో తెచ్చి కుమ్మరించేది. దాని మీద పొయ్యిలో బూడిద, గాట్లో గొడ్లు తినగా మిగిలిన గడ్డి. కొట్టంలో పంచితం ఇంకిన మట్టిని ఏడాదికోసారి జానెడు లోతు తవ్వించి, అదీ కుప్పకే చేర్చేది. దీపావళి నాడు గుమ్మంలో దీపాలన్నీ అయ్యాక ఒక ప్రమిద ఆ కుప్ప మీద పెట్టేది. మేం దాన్ని దాటబోతే, "లచ్చిందేవిరా, దాటమాకండి" అని కసిరేది.

దిబ్బ ఎందుకు, గొయ్యి తవ్వొచ్చుగదా అని ఆవిడ ఉండగా అడగాలని నాకు తట్టలేదు. తర్వాత ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించాను. జవాబు ఆ పనిలో దొరికింది. మాది కృష్ణా పశ్చిమ డెల్టా. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక మా నేల స్వభావమే మారిపోయింది. వానాకాలం, కాలవలో నీళ్లున్నప్పుడు, నాలుగడుగులు తవ్వితే ఊట. పైగా వరి, దాని వెనకే మినుము. మాఘం ఫాల్గుణం దాటితేగానీ బండి చేలో దిగే వీల్లేదు. అంటే ఏడాదిలో తొమ్మిది నెలల పేడను ఎక్కడో దాచాల్సిందే. గోతిలో దాస్తే ఊటలో కుళ్లుతుంది, సారం నీళ్లతో పోతుంది. కుప్పగా పోసి పైన వాలు తీరిస్తే వాన జారిపోతుంది. నాయనమ్మ కట్టించిన దిబ్బ తొమ్మిది నెలల గిడ్డంగి.

మెట్ట ఊళ్లలో కథ తిరగబడుతుంది. అక్కడ ఎండకు కుప్ప పిడచకట్టుకుపోతుంది, గోతిలోనే తడి నిలుస్తుంది. ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ తన కంపోస్టు గుంతల్ని రెండడుగుల లోతుకు మించనివ్వలేదు. వానాకాలం గుంతల్లో నీరు నిలుస్తుంది కాబట్టి అప్పుడు నేలమీదే కుప్పలు వేయమన్నాడు. కొట్టంలో పంచితం పీల్చిన మట్టి విలువనూ ఆయన గుర్తించాడు. అది చదివినప్పుడు నాకు గర్వంకన్నా కొంచెం రోషమే కలిగింది. మా ఇంట్లో ఆ పని చేసిన మనిషికి తన పేరు రాయడం కూడా రాదు.

అంతకుముందే, 1889లో ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి దేశమంతా తిరిగాడు. ఆయన నివేదిక 1893లో అచ్చయింది. పేడను పిడకలు చేసి కాల్చేస్తున్నారని అందరూ రైతును తిడుతుంటే, కట్టెలు దొరక్కే కాలుస్తున్నాడని చెప్పిన మనిషి ఆయన. మా ఇంట్లోనూ పేడలో ఒక వాటా గోడెక్కేది. భోగి నాటికి పిల్లల దండలకు పోను, మిగిలినవి పాలు కాచే దాలిలోకి.

ఆ పేడనే ముందు మండించుకుని, ఆ తర్వాత పొలానికి వేసుకోవచ్చన్న మాటతోనే గోబర్ గ్యాస్ ఊళ్లలోకొచ్చింది. 1950లలో జశ్‌భాయ్ పటేల్ తేలే డ్రమ్ము నమూనా చేశాడు. 1960లలో ఖాదీ కమిషన్ దాన్నే దేశమంతా తీసుకెళ్లింది. ఇనప డ్రమ్ము చూడముచ్చటగా ఉండేది. గ్యాస్ నిండితే పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది, ఎంతుందో కంటికి కనపడుతుంది. ఖర్చులో పెద్ద వాటా దానిదే. ఏటా రంగు వేయాలి. వేయని ఇంట్లో నాలుగైదేళ్లకు చిల్లులు పడేవి. 1978లో ఇటుక గుమ్మటంతో జనతా నమూనా, 1984లో అంతకన్నా చౌకగా దీనబంధు వచ్చాయి. నా చేతిలో పడింది దీనబంధు.

ఆ గుమ్మటం కట్టడం చూసి తీరాలి. గొయ్యి నడుమ గూటం పాతి, దానికి తాడు కడతారు. ఆ తాడు పొడుగే కొలత. ప్రతి ఇటుకకూ తాడు చాచి, దాని కొస ఎక్కడ తగిలితే అక్కడ ఇటుక పెట్టాలి. పైకి పోయేకొద్దీ వరస లోపలికి వాలుతుంది. సిమెంటు పట్టు బిగిసేదాకా ఇటుక జారకుండా కొక్కెం తగిలించి, దానికి మరో ఇటుక బరువు వేలాడదీస్తారు. మా వైపు ఈ పనంతా ఎండాకాలమే. ఒక ఊళ్లో తొందరపడి ఆగస్టులో తవ్వించాను. పగలూ రాత్రీ ఆయిలింజను పెట్టి నీళ్లు తోడాం. తెల్లారి చూస్తే రెండు వైపులా గట్టు జారి గోతిలో పడింది. ఆ రైతు నన్నేమీ అనలేదు. మజ్జిగ తెప్పించి చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

కానీ నేను చేసిన అసలు పొరపాటు అది కాదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు పోయాలి. లోపలికి ఎంత పోతే ఇంచుమించు అంతా స్లర్రీగా బయటికొస్తుంది. రోజుకు 100 లీటర్లు. వానల నాలుగు నెలలకు 12,000 లీటర్లు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు గుంత ఉంటే సరిపోతుంది. అదీ వాన పడకపోతే. ఆ నాలుగు నెలల్లో రెండడుగుల వాన పడితే, మూడున్నర అడుగుల్లో రెండడుగులు ఆకాశానివే! పైన రేకో, తాటాకు పందిరో లేకపోతే కట్టిన ఖర్చు సగానికి పైగా వాననీళ్లకే.

నేను రాసిన అంచనాల్లో ఇటుకలు, సిమెంటు, పైపు, పొయ్యి, మేస్త్రి కూలి పైసాతో సహా ఉండేవి. స్లర్రీ గుంత దగ్గర మాత్రం "రైతు స్వయంగా తవ్వుకొనును" అని ఒక్క ముక్క. రైతు మంచం పట్టేంత గొయ్యి తవ్వి అయిందనిపించేవాడు. శ్రావణం వచ్చేసరికి అది పొంగి పక్కవాళ్ల గడప దాకా పోయేది. వంటింట్లో నీలిమంట, వీధిలో తగువు. ఒక ఊళ్లో ఆ తగువు పెద్దమనుషుల దాకా పోయింది. మూడో రోజు ఆ ఇంటావిడ పేడ కలపడం మానేసింది. చక్కగా కట్టిన గుమ్మటంలో తర్వాత వడ్ల ఊక పోసుకున్నారు.

మొన్న మా మేనల్లుడు ఇరవై గేదెలతో డెయిరీ పెడతానని అంచనా రాయమన్నాడు. షెడ్డు, పాలు పితికే మెషీను, గడ్డి కోసే మెషీను అన్నీ వాడే రాసుకొచ్చాడు. నేను సున్నం తెమ్మని, ముందు పేడకు చోటు గీశాను. గేదెకు 15 కిలోల చొప్పున పేడ 300 కిలోలు, పంచితం ఒక వంద, షెడ్డు కడిగిన నీళ్లు ఆరొందల లీటర్లు. వెరసి రోజుకు వెయ్యి. నాలుగు నెలలకు 120 ఘనపు మీటర్లు. అదీ నేలమీదికి లేపి కట్టాలి, పైన కప్పు వేయాలి.

వాడు సున్నం గీతల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది గేదెలకా మామయ్యా, పేడకా నువ్వు కట్టించేది?" అన్నాడు.

"పైపు పట్టి కడిగే ముందు పారతో ఎత్తిస్తావా?"

"ఎత్తిస్తే?"

"కడుగు నీళ్లు సగమవుతాయి. వెయ్యి కాస్తా ఏడొందలవుతుంది. 84 ఘనపు మీటర్లు చాలు. ఎత్తిన పేడను గడ్డితో కలిపి కుప్ప వేయిస్తే ఇంకా తగ్గుతుంది."

"కుప్ప ఎక్కడ?"

తూర్పు వైపు చూపించాను. వాడు చెప్పుతో ఒక గీత చెరిపి, మూడడుగులు లోపలికి జరిపి కొత్త గీత గీశాడు. తర్వాత మూరెడు ఎత్తు దిబ్బకు మట్టి ఎన్ని ట్రాక్టర్లు పడుతుందో ఫోన్లో ఎవరినో అడగడం మొదలుపెట్టాడు.