పందికొక్కు దేశాటనము

ఆంగ్లనిఘంటువులలో 'బాండికూట్' అను పద మొకటి కలదు. చూచుటకు పరాయి మాటవలె కనిపించును గాని, అది మన 'పందికొక్కే'. యూల్, బర్నెల్ అను ఇరువురు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' అను పదకోశము 1886లో వెలువడినది. ఈ మాట తెలుగునుండి వచ్చినదని అందు స్పష్టముగ చెప్పబడినది.

మన రైతునకు పందికొక్కును పరిచయము చేయ నక్కరలేదు. అది పొలము గట్లలో కలుగులు త్రవ్వి, గింజలను అందులో దాచుకొనును. కొక్కు అనగా ఎలుక. దాని భారీ శరీరమును, పందివలె గుర్రుమను స్వభావమును ఆ పేరే చెప్పుచున్నది. 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి 'బాండికోటా' అనియే నామకరణము చేసెను.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువారు, కొనదేరిన మూతితో నేల త్రవ్వి పురుగులను తిను చిన్న జంతువును అచ్చట చూచిరి. ఇండియానుండి తమ భాషలోనికి వచ్చిన ఈ పేరునే దానికి పెట్టిరి. నిజమునకు దానికిని ఎలుకకును చుట్టరికము లేదు. అది కంగారువలె పిల్లలను సంచిలో పెంచును. ఆ సంచి వెనుకకు తెరచియుండుటచే, త్రవ్వునపుడు మట్టి పిల్లలపై పడదు. ఈ జంతువులలో డెక్కలవంటి పాదములు గల యొక జాతిని 'పందికాళ్ల బాండికూట్' అనిరి. పేరులో పంది రెండుమారులు చేరిన సంగతి వారెరుగరు! ఆ జాతి ఇరువదవ శతాబ్దిలో అంతరించినది.

ఆస్ట్రేలియావారు ఈ నామవాచకమును క్రియగా గూడ మార్చిరి. పైమొక్కను కదలనీయక, మట్టిలోని బంగాళాదుంపలను మాత్రము దొంగిలించుటను వారు 'బాండికూట్ చేయుట' అందురు. తోటయజమానికి మొక్క పచ్చగానే కనిపించును, దుంప మాత్రముండదు.

పేరు దేశములు మారినను త్రవ్వుట యను గుణము దానిని వీడలేదు. మన దేశమున అది మరల క్రొత్త అర్థమును సంపాదించినది. మనుష్యులను మురుగుగుంతలలోనికి దింపి ప్రమాదకరమైన పని చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినను, అందు ప్రాణములు పోవుట ఆగలేదు. ఆ పనిని మనుష్యునకు బదులు చేయుటకై తిరువనంతపురమునకు చెందిన యువ ఇంజనీర్లు ఒక యంత్రమును నిర్మించి, 2018లో వాడుకలోనికి తెచ్చిరి. దాని పేరు 'బాండికూట్'.

మన ఇంటిలో తిట్టుగా వాడు మాట, తోటి మనిషి ప్రాణమును కాపాడు పనిముట్టునకు పేరైనది. ఇకమీదట పత్రికలో ఆ పేరు కనిపించినపుడు, అది మన పొలమునుండి వెళ్లినదేనని పిల్లలకు చెప్పుదము.