మంట మారింది, గంజు అడుగూ మారాలి

వనపర్తి జిల్లా గోపాల్‌పేట ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని సంస్థానం. ఈ సీమలోని గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కోటల గురించి, కవుల గురించి ఎంతో చదువుకున్నాం. ఆ కాలంలో ఈ సీమ పొయ్యిల మీద ఏమేం బోళ్లు ఉండేవో కూడా చరిత్రే. ఆ చరిత్ర తెలిస్తే ఈనాడు గ్యాస్ పొయ్యికి ఏ గిన్నె కొనాలో తేలిగ్గా తెలుస్తుంది.

మూడు రాళ్ల పొయ్యికి గుండ్రటి అడుగే సరిపోయేది. కట్టెల మంట గిన్నెను చుట్టుకుని పైకి పాకుతుంది. అందుకే కుండకైనా, ఇత్తడి గంజుకైనా బొజ్జ ఉండేది. మసి గట్టిగా పట్టకుండా అడుగున తడిమట్టి పూసేవారు. ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము పడుతుంది కనుక లోపల కళాయి పూయించేవారు. గంజును నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం తాకించి గుడ్డతో రుద్దితే లోపలంతా తెల్లగా మెరిసేది.

1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టారు. తేలిక, చవక, పైగా కళాయి ఖర్చు లేదు. మన పల్లెల్లో అది సిల్వర్ గిన్నె అయింది. ఆ తర్వాత స్టీలు వచ్చింది.

గ్యాస్ మాత్రం పల్లెకు చాలా ఆలస్యంగా చేరింది. ఇండేన్ సిలిండర్ 1965లో కలకత్తాలో మొదలైతే, ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు దీపం పథకం వచ్చింది 1999లో. పొగలో కళ్లు మండించుకున్న ఆడవాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట. అయితే పొయ్యి ఇచ్చినంత శ్రద్ధగా, దాని మీద ఏ గిన్నె పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

గ్యాస్ మంట ఉంగరంలా ఒకేచోట తగులుతుంది. బొజ్జ గంజు పొయ్యి కమ్మీల మీద నిలవక ఊగుతుంది. పల్చటి స్టీలు గిన్నెలో పప్పు సరిగ్గా మంట తగిలిన చోటే మాడుతుంది. అల్యూమినియం వేడిని స్టీలు కంటే దాదాపు 15 రెట్లు బాగా పాకిస్తుంది, రాగి ఇంకా ఎక్కువ. అందుకే స్టీలు కొంటే అడుగున అల్యూమినియం పొర అతికిన మందపాటిదే కొనాలి. పుంటికూర, చింతపండు పులుసు మాత్రం సిల్వర్ గిన్నెలో వద్దు, పులుపు ఆ లోహాన్ని తింటుంది. కళాయి గంజును వట్టిగా పెద్ద మంట మీద పెట్టొద్దు, తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది.

మంట గిన్నె అంచు దాటితే ఆ గ్యాస్ వృథా. ప్రమాణాల ప్రకారం గ్యాస్ పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి, కానీ అది మంటకు తగిన వెడల్పు గిన్నెతో కొలిచిన లెక్క. పెద్ద బర్నర్ మీద చిన్న టీ గిన్నె పెడితే ఆ లెక్క నిలవదు.

ఇన్ని మారినా ఈ పాలమూరు సీమలో జొన్నరొట్టె పెంక మారలేదు, మారకూడదు కూడా. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. పెంక సరిగ్గా కాగకపోతే రొట్టె విరుగుతుంది. మందపాటి ఇనుము నెమ్మదిగా కాగి, రొట్టె వేసినా చల్లారదు. సన్న మంట మీద పెంకను బాగా కాగనిచ్చి, రొట్టె వేసి, పైన తడిచేయి రాసి తిప్పాలి. ఒకప్పుడు చివర్లో నిప్పుల దగ్గర నిలబెట్టి పొంగించేవారు. ఇప్పుడు పెంక దించి, బర్నర్ మంట మీదే రెండు వైపులా తిప్పితే చాలు.