మార్గరెట్ ఎక్పో : ఉప్పంగడి నుండి శాసనసభకు

మా దేవనహళ్ళికి పూర్వమునుండి పేరు తెచ్చినవి టిప్పు సుల్తాను పుట్టిన కోటయు, తీయని పంపరపనస పండ్లును. 2008వ సంవత్సరమున వీనికి విమానాశ్రయము తోడైనది. 2013లో దానికి బెంగుళూరు నిర్మాతయగు కెంపెగౌడ పేరు పెట్టిరి. విమానాశ్రయములకు రాజుల పేర్లును నాయకుల పేర్లును పెట్టుట లోకమున పరిపాటి. స్త్రీల పేర్లు మాత్రము మిక్కిలి అరుదు. మన దేశమున ఇండోరు విమానాశ్రయమునకు అహల్యాబాయి హోల్కరు పేరున్నది. ఆమె రాజ్యమేలిన రాణి. పశ్చిమ ఆఫ్రికాయందలి నైజీరియా దేశమున కలబారు పట్టణపు విమానాశ్రయమునకు మార్గరెట్ ఎక్పో పేరున్నది. ఈమెకు తల్లివైపున రాజబంధుత్వము కలదు గాని, రాజ్యమేలలేదు. కుట్టుపని నేర్పు పాఠశాలను నడపినది. అంగడి స్త్రీలను కూడగట్టినది. ఆ అంగడి బలముతోనే శాసనసభకు వెళ్ళినది. తెలుగు పాఠకులకు ఈమె అంతగా పరిచితురాలు కాదు గనుక ఈ సంచికయందు ఆమె చరిత్రను ముచ్చటింపదలచితిమి.

ఈ చరిత్రకు ముందు ఒక పూర్వకథ కలదు. నైజీరియా అప్పుడు ఆంగ్లేయుల పాలనలో నుండెను. దాని తూర్పు ప్రాంతమున సంతలు స్త్రీలవి. పామాయిలు, దుంపలు, బట్టలు మొదలగువాని క్రయవిక్రయములు చాలవరకు వారి చేతిలో నుండెడివి. అంతకుముందే పురుషులపై పన్ను విధించిన ప్రభుత్వము 1929లో స్త్రీలను, పశువులను గూడ లెక్కింపబూనగా, పన్ను తమపైనను పడునను భయము పుట్టెను. పామాయిలు ధర పడిపోవుచున్న కాలమది. ఆబా పట్టణ పరిసరములలో వేలకొలది స్త్రీలు లేచిరి. ప్రభుత్వము నియమించిన గ్రామాధికారుల యిండ్లముందు కూర్చుండి, నిందాగీతములు పాడిరి. కొన్ని న్యాయస్థానములను తగులబెట్టిరి. కాల్పులలో ఏబదిమందికి పైగా స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. అచటివారు దీనిని 'స్త్రీల యుద్ధము' అందురు; దొరల దస్త్రములలో 'ఆబా అల్లరులు' అని యుండును. దస్త్రములు వ్రాయుటలోనే జీవితము గడపిన మాకు, ఒకే సంగతి ఒకరి నోట యుద్ధమై మరియొకరి కాగితమున అల్లరి యగుట వింతగా తోచదు.

ఆనాటికి మార్గరెట్ పదునైదేండ్ల బాలిక. కలబారు సమీపమున క్రీక్ టౌనులో 1914 జూలై 27వ తేదీన జన్మించెను. 1934లో తండ్రి మరణించుటచే పైచదువు సాగక, పంతులమ్మగా కుదిరెను. 1938లో జాన్ ఉడో ఎక్పో అను వైద్యుని వివాహమాడి ఆబాకు కాపురమునకు వచ్చెను. తెల్ల అధికారులు తన యెడల, తనవంటి నల్ల వైద్యుల యెడల చూపు చిన్నచూపు భర్తకు సహింపరానిదయ్యెను. కాని సర్కారు కొలువులోనున్నవాడు రాజకీయ సభలకు పోరాదు. కావున 1945లో తనకు బదులుగా భార్యను పంపెను! ఆ సభలలో తరచుగా ఆమె యొక్కతెయే స్త్రీ. భర్త మాటలు మోసికొనిపోయిన యామె కొలదికాలముననే తన మాటలు తాను చెప్పుట నేర్చెను.

ఆబా స్త్రీలను సంఘముగా చేర్పబూనినపుడు పురుషులు తమ భార్యలను సభలకు పోనీయరైరి. అప్పుడామెకు అక్కరకు వచ్చినది ఉప్పు. రెండవ ప్రపంచయుద్ధము తెచ్చిన ఇక్కట్లలో ఉప్పు కరవొకటి. ఆమె అంగళ్ళలో దొరకు ఉప్పును వశము చేసికొని, అంగడి స్త్రీల సంఘమున చేరినవారికే దానిని అమ్మునట్లు ఏర్పాటు చేసెను. కూరలో ఉప్పు లేనిచో ఇంటి యజమాని ఎన్నినాళ్ళు పట్టుపట్టగలడు? భార్యలు వెళ్ళి పేర్లు వ్రాయించుకొనిరి. వలదన్న భర్తలే పొమ్మనిరి.

నిత్యావసర వస్తువును ఇట్లు గుప్పిట పట్టుట న్యాయమా యని పాఠకులు అడుగవచ్చును. మాకును ఇందు కొంత కటుత్వము తోచినది. పేరు వ్రాయించుకొనలేని బీదరాలి పొయ్యిమీద కూర యేమయ్యెనో! మన దేశమున 1930లో ఉప్పు సత్యాగ్రహమున దుర్గాబాయి చెరసాలకు పోయినప్పుడు, ఉప్పును ప్రజలందరికి విడిపించుట పోరాటమయ్యెను. ఆబాలో ఉప్పును బిగించుటయే పోరాటమయ్యెను. అయినను ఆమె బిగించినది లాభమునకు గాదు, సంఘమునకు. ఆ భేదమును గమనింపక తీర్పు చెప్పుట తగదు.

1946లో ఆమె ఐర్లండు వెళ్ళి, డబ్లిను నగరమున గృహవిజ్ఞానము చదివి, 1948లో పట్టము పొందెను. తిరిగివచ్చి ఆబాలో గృహవిజ్ఞానమును, కుట్టుపనిని నేర్పు విద్యాలయమును స్థాపించెను. స్వంత సంపాదన, స్వంత చోటు, చుట్టును చేతిపని నేర్చు యువతులు — ఇవి గల స్త్రీ మాటను త్రోసిపుచ్చుట సులభము గాదు.

1949 నవంబరులో, మన చెవికి 'ఏనుగు' వలె వినబడు ఎనుగు పట్టణముకడ, బొగ్గుగని కార్మికులు 21 మంది పోలీసుల కాల్పులలో మరణించిరి. దానిని నిరసించి గొంతెత్తినవారిలో ఎక్పో ఒకతె. 1954లో ఆబా పట్టణ స్త్రీల సంఘమును నెలకొల్పి, స్త్రీలచే ఓటరు జాబితాలలో పేర్లు వ్రాయించెను. 1955 నాటికి ఆ పట్టణమున స్త్రీ ఓటర్ల సంఖ్య పురుషుల సంఖ్యను మించెను. ఇది యెంత గొప్ప సంగతియో తెలియుటకు మన అనుభవమును తలచికొనవలెను. 1951-52 నాటి మన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఇంచుమించు 28 లక్షల స్త్రీల పేర్లను జాబితాలనుండి తొలగింపవలసివచ్చినది. వీరిలో ఎక్కువమంది ఉత్తరాదివారు. తమ పేరు చెప్పక, 'ఫలానావాని భార్య', 'ఫలానావాని తల్లి' అని మాత్రమే వ్రాయించుకొనుట కారణము. నైజీరియాలోనే ఉత్తర ప్రాంతపు స్త్రీలకు 1976 దాక ఓటు లేకుండెను.

1961లో ఆమె ఆబానుండి తూర్పు ప్రాంతీయ శాసనసభకు ఎన్నికయ్యెను. అచట స్త్రీల జీవనోపాధిని గూర్చియు, సంతలకు పోవు బాటలను గూర్చియు వాదించెను. బాట సంగతి స్వల్పముగా కనబడవచ్చును. తలమీద బుట్టతో బురదలో నడచినవారికి గాని దాని విలువ తెలియదు. ఈ యవకాశము అయిదేండ్లు మాత్రమే. 1966లో సైనికులు అధికారమును పట్టుకొనగా శాసనసభలు రద్దయ్యెను. 1967 మొదలు 1970 వరకు బయాఫ్రా యుద్ధము ఆ ప్రాంతమును కాల్చివేసెను; ఆ కాలమున ఆమె నిర్బంధమును గూడ అనుభవించెను. పిమ్మట రాజకీయములలో మునుపటి స్థానము ఆమెకు మరల లభింపలేదు.

కలబారు విమానాశ్రయమునకు 2001లో ఆమె పేరు పెట్టిరి. అప్పటి కామె సజీవురాలు; వయస్సు ఎనుబదియారు దాటెను. 2006 సెప్టెంబరు 21న, తన తొంబదిరెండవ యేట కన్నుమూసెను.