సీమవంకాయ తీగ కథ

మేము హోసూరులో ఉంటాము. మా మామ ఊటీ దగ్గర తోటపని చేస్తాడు. అవ్వ ఆయన దగ్గరే ఉంటుంది. పోయిన సంక్రాంతి సెలవులకు నేను వెళ్లినప్పుడు అవ్వ పందిరి మీద సీమవంకాయ తీగ పచ్చగా ఉండింది. రెండో రోజు తెల్లవారి లేచి చూస్తే గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. ఎండ ఎక్కేసరికి తీగ ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లబడి వాలిపోయాయి. ఆ కాయలు అమ్మిన డబ్బే అవ్వ చేతిఖర్చుకు. "పీకేసి బీన్స్ వేద్దాం" అన్నాడు మామ. "వేరు జోలికి పోవద్దు నాయనా" అనింది అవ్వ.

ఎవరి మాట నిజమో తెలుసుకోవాలని బడికి వచ్చాక ఈ తీగ చరిత్ర చదివాను.

దీన్ని కన్నడంలో సీమెబదనె అంటారు. నీలగిరిలో మేరక్కాయ. ఆంధ్రలో బెంగళూరు వంకాయ. 'సీమ' అంటే ఇక్కడ పరదేశం. పేరులోనే చరిత్ర ఉంది. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడి నహువాట్ల్ భాషలో దీన్ని 'చాయోట్లి' అనేవారు. అక్కడివాళ్లు కాయనే కాదు, లేత కొనలనూ దుంపవేరునూ కూడా తింటారు. బెంగళూరు ప్రాంతానికి దీన్ని తెచ్చింది లాల్‌బాగ్ సూపరింటెండెంట్ జాన్ కామెరాన్ అని చెబుతారు. ఆయన 1874లో ఆ పనిలో చేరారు.

ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరి ఎక్కాడు. తరువాత అక్కడ ఊరు పెరిగింది. 1848లో మెక్‌ఐవర్ అనే తోటమాలి ఇంగ్లండు నుంచి వచ్చి బొటానికల్ గార్డెన్‌ను తీర్చిదిద్దాడు. పరదేశపు మొక్కలు ఎన్నో ఈ కొండలకు చేరాయి. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఉరైపని పడుతుంది.

మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలోకి దిగి నిలుస్తుంది. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చెడిపోతాయి. అందుకే ఊటీ గార్డెన్‌లో సాయంత్రం లేత మొక్కలకు కప్పు వేస్తారు, తెల్లవారుజామున నీళ్లు చల్లుతారు. తీగను పల్లంలో కాకుండా ఎండ తగిలే గోడ పక్కన పెడితే మేలు. పగలు గోడ పట్టుకున్న వేడి రాత్రి కొంతసేపు తీగకు అందుతుంది. మా అవ్వ పందిరి సరిగ్గా పల్లంలోనే ఉంది!

అయితే అవ్వ మాటే నిజం. పైతీగ మాడినా, నేల లోపల గడ్డకట్టకపోతే దుంపవేరు బతుకుతుంది. ఈ సంగతి ఫోనులో చెప్పాను. మామ మాడిన తీగ కోసి, మొదట్లో ఎండుటాకులు మందంగా పరిచాడు. ఏప్రిల్‌లో మూడు మొలకలు వచ్చాయని అవ్వ చెప్పింది. "పుస్తకంలో చదివితివి, నేను చేత్తో నేర్చితిని" అని నవ్వింది.

ఈసారి మామ గోడ పక్కన ఇంకో కాయ నాటుతాడట. ఈ కాయలో ఒకే విత్తనం ఉంటుంది, కాయలోనే మొలకెత్తుతుంది, కాబట్టి కాయను అట్లే నాటాలి. మా బడి కంచె దగ్గర నేనూ ఒకటి నాటాను. హోసూరులో ఉరైపని భయం లేదు, మేకలదే భయం.