ఉప్పునీటి మీద తేలే ఊరు

కర్లపాలెం మెరక పొలాల్లో గుంట తవ్వితే కొద్ది అడుగులకే తీపి నీళ్లు ఊరతాయి. అత్యాశకు పోయి బోరు లోతుకు దింపితే నోట పెట్టలేని ఉప్పునీళ్లు వస్తాయి. ఇక్కడి రైతులకు ఇదేమీ కొత్త సంగతి కాదు. పైన ఇసుక, ఇసుకలో నిలిచిన వాన నీరు, ఆ నీటి అడుగున పాత సముద్రం. ఊరి చరిత్రలో పాతదీ పెద్దదీ అయిన భాగం ఇదే. శాసనాలు, కైఫీయతులు, కరణాల లెక్కలు దీని తర్వాతి మాట.

బాపట్ల నుంచి కర్లపాలెం మీదుగా తూర్పుకు పోతూ కిటికీలోంచి చూసేవారికి నేల ఒకే తీరుగా ఉన్నట్టు అనిపించవచ్చు. రోడ్డు వదిలి సముద్రం వైపు తిరిగితే అసలు రూపం తెలుస్తుంది. మెరక మీద ఊరు, తాటి తోపు, వేరుశనగ చేను. దిగితే నల్లమట్టి, వరి మడి. పేరలి వైపు ఇంకా కిందికి పోతే చౌడు పేరుకున్న పర్ర, రొయ్యల చెరువులు. తర్వాత మళ్లీ ఇసుక మెరక. ఈ మెరకలన్నీ సముద్రపు ఒడ్డుకు కాస్త అటూ ఇటూగా సమాంతరంగా సాగుతాయి. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఊళ్లూ చెట్లూ బారులు తీరి గీతల్లా కనబడతాయి. ఒక్కో గీతా ఒక్కో కాలపు సముద్రతీరం.

సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరి ఉన్న రోజుల్లో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగేకొద్దీ నీరు నేల మీదికి ఎక్కివచ్చి, ఆరేడు వేల ఏళ్ల కిందటికి దాదాపు నేటి మట్టానికి చేరి నిలబడింది. అప్పట్లో అలలు నేటి డెల్టా పొలాల మీదే విరిగేవి. అక్కడి నుంచి కథ కృష్ణమ్మ చేతిలోకి వచ్చింది. నది ఒండ్రు తెచ్చి పోసింది. అలలు అందులోని సన్న మట్టిని కడిగేసి ఇసుకను ఒడ్డుకు నెట్టాయి. గాలి దాన్ని ఎత్తి దిబ్బ కట్టింది. దిబ్బ ముందు మళ్లీ ఒండ్రు పడి సముద్రం వెనక్కి జరిగింది, అక్కడ కొత్త దిబ్బ లేచింది. రెండు దిబ్బల నడుమ చిక్కిన ఉప్పుకయ్య పూడిపోయి పల్లమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కాకాని నాగేశ్వరరావు వంటి పరిశోధకులు కృష్ణా, గోదావరి డెల్టాల్లోని ఇలాంటి తీరరేఖలను పటాలకెక్కించారు. మట్టిపొరల్లోని రేడియోకార్బన్ ఆధారంగా వాటి వయసు కట్టారు. లోపలి వరుసలు పాతవి, సముద్రానికి దగ్గరివి చిన్నవి.

మనుషులు ఈ దిబ్బలెక్కి ఎప్పటి నుంచి కాపురం ఉంటున్నారన్నదానికి పక్క ఊరే ఒక సాక్ష్యం ఇస్తుంది. కర్లపాలెం మండలంలోని బుద్దాం దగ్గర పందొమ్మిదో శతాబ్దంలో బౌద్ధ కంచు విగ్రహాలు బయటపడ్డాయి. ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దం నాటివని వాటిని లెక్కగట్టారు. 1905 నుంచి అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. విగ్రహం పోతపోసి పూజించే జనం ఉన్నారంటే, అప్పటికే ఇక్కడ గట్టి నేల, తాగే నీరు, తిండిగింజలు ఉన్నట్టే. బుద్దాం విగ్రహాలు చూడాలంటే బుద్దాం వాళ్లు లండన్ పోవలసి రావడం మాత్రం విడ్డూరమే.

ఇసుక కిందికి, ఉప్పునీటి కిందికి, ఇంకా లోతుకు పోతే చరిత్ర వేల ఏళ్ల నుంచి కోట్ల ఏళ్లకు దూకుతుంది. చమురు, గ్యాస్ కోసం కృష్ణా–గోదావరి బేసిన్‌ను గాలించిన భూవిజ్ఞానుల పటాల్లో నేల అడుగున పూడిపోయిన ఒక రాతి గట్టుకు బాపట్ల పేరే ఉంది. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు తూర్పు తీరం వెంట నేల పగిలింది. కొన్ని చోట్ల కుంగింది, కొన్ని చోట్ల గట్టులా నిలబడింది. అలా నిలిచిన గట్లలో బాపట్లది ఒకటి. పైన నడిచేవారికి దాని ఆనవాలు కూడా తెలియదు.

ఆ కాలపు జీవాలను చూడాలంటే మాత్రం ఇక్కడ కాదు, ఇసుక పొర లేని పడమటి మెట్టలకు, ఒంగోలు వైపుకు వెళ్లాలి. వేమవరం, బుడవాడ, పావులూరు పేర్లతోనే ప్రసిద్ధమైన రాతి పొరలు అక్కడ ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ తీరపు భూనిర్మాణం మీద రాసిన నివేదిక 1879లో అచ్చయింది. ఆ పొరల్లో పూలు పూసే మొక్కలు ఇంకా రాజ్యమేలని కాలపు ఆకుల ముద్రలతో పాటు సముద్రపు అమ్మోనైట్ గుల్లలూ దొరికాయి. అడవీ సముద్రమూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్న చోటు అన్నమాట. కోట్ల ఏళ్ల తేడాతో నిజాంపట్నం మడ అడవుల దగ్గర ఈనాడు కనబడేదీ అలాంటి దృశ్యమే.

సరే, ఈ ఇసుకను ఎడారి అనవచ్చునా? వాన లెక్క చూస్తే అనకూడదు. బాపట్ల ప్రాంతంలో ఏడాదికి తొమ్మిది వందల నుంచి వెయ్యి మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. జైసల్మేరులో రెండు వందలు పడితే గొప్ప. కరువు సీమ అనే అనంతపురానికే ఐదు వందల యాభై దాకా ఉంది. కానీ ఇక్కడ పడిన వాన పడినట్టే ఇసుకలోకి జారిపోతుంది. వాన వెలిసిన మూడో రోజుకే పైన జానెడు మందం పొడిపొడిగా అయిపోతుంది. చైత్రం దాటితే మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. అందుకే దిబ్బ మీద బతికే మొక్కల తీరు ఎడారి మొక్కల తీరు.

సముద్రం అంచున మొదటి వరుసలో రావణాసురుడి మీసాలు. పేరుకు గడ్డే గానీ ఆకు కొస సూదిలా గుచ్చుకుంటుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడ మొక్క కంకి ముళ్ల బంతిలా ముదిరి, ఎండి, తెగి, గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. ఆగిన చోట గింజ రాలుస్తుంది. పిల్లలు దాని వెంట పరుగెత్తడం సూర్యలంక తీరంలో ఇప్పటికీ చూడవచ్చు. దాని పక్కనే బాలబంద తీగ పాకుతుంది. మేక గిట్టలా చీలిన దళసరి ఆకు, ఊదారంగు పువ్వు. కణుపు కణుపుకూ వేరు దించి ఇసుకను బిగించి పట్టుకుంటుంది. దాని గింజలు ఉప్పునీటిలో తేలి దేశాలు దాటుతాయి, కనుకనే ఉష్ణమండల తీరాలన్నిటా ఇదే తీగ కనబడుతుంది. ఈ రెండూ లేకపోతే దిబ్బే లేదు. వీటి వెనుకే జిల్లేడు, పల్లేరు, వెంపలి, ఊడలు దించిన మొగలి పొదలు వస్తాయి.

పరాయి మొక్కల కథ ఇంకోటి. అమెరికా ఖండం నుంచి వచ్చిన నాగజెముడు ఒకప్పుడు దక్షిణాదిన బీళ్లనూ డొంకలనూ కమ్మేసింది. 1926లో సింహళం నుంచి తెప్పించిన ఒక రకం పిండిపురుగును దాని మీదికి వదిలితే కొన్నేళ్లలోనే తినేసి దారికి తెచ్చింది. పురుగుతో కలుపును గెలిచిన ఉదంతాల్లో ప్రపంచం చెప్పుకునేవాటిలో ఇదొకటి. ఆ తర్వాత ఖాళీని సర్కారు తుమ్మ ఆక్రమించింది. దాన్ని అలా దారికి తెచ్చే పురుగు ఇక్కడికి ఇంకా రాలేదు.

మేలు చేసిన పరాయివీ ఉన్నాయి. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిన జీడిమామిడికి ఈ ఇసుక ఎంత నచ్చిందంటే 1955లో బాపట్లలో దానికోసం ఒక పరిశోధన కేంద్రమే పెట్టారు. అక్కడ పుట్టిన రకాలను దేశమంతటా బి.పి.పి. అనే గుర్తుతో పిలుస్తారు. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన సరుగుడు తన వేరు బుడిపెల్లో సూక్ష్మజీవులను పెట్టుకుని గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చుకుంటుంది. ఏ సారమూ లేని ఇసుకలో నిటారుగా ఎదగడానికి కారణం అదే.

అయితే దిబ్బకు పెద్ద దిక్కు తాడిచెట్టే. ఊరికి అది ముంజె, తేగ, కల్లు, ఇంటి కప్పు అయితే, పక్షులకూ జంతువులకూ అదే పేట. గిజిగాడు మట్ట కొసకు గూడు వేలాడదీస్తాడు. తాటి పిట్ట వేలాడే ఆకు మడతలోనే ఈకలు ఉమ్మితో అంటించి గుడ్లను కూడా అదే జిగురుతో అతికిస్తుంది. గాలికి ఆకు ఎంత ఊగినా గుడ్డు జారదు. చీకటి పడ్డాక మానుపిల్లి చెట్టెక్కి కల్లు ముంతలో మూతి పెడుతుందని గీత కార్మికులు విసుక్కుంటారు. నేల మీద నక్కలు తిరిగే దారులు వేరు. పర్ర దాటి, డ్రెయిన్ల గట్ల వెంట పీతల కోసం పోతాయి.

చిన్న జీవాలను చూడటానికి ఓపిక కావాలి. తాటి మొదట్లో ఎండు ఇసుకలో గరాటు ఆకారంలో చిన్న గుంటలు ఉంటాయి. చీమ అంచు మీద కాలు పెడితే ఇసుక జారుతుంది. పైకి పాకబోతే అడుగున దాక్కున్న పురుగు తలతో ఇసుక ఎగజిమ్మి దాన్ని కిందికి లాగుతుంది. మృగశిర దాటి తొలకరి జల్లు పడగానే ఎర్రని మఖమల్ ముద్దల్లా ఆరుద్ర పురుగులు పైకొస్తాయి. మిగతా ఏడాదంతా అవి ఇసుకలోనే ఉంటాయి. ఈ మధ్య వాటిని పిల్లలకు చూపించడం కష్టమవుతోంది.

సముద్రం వైపు నుంచి వచ్చే అతిథి ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి మొదలు ఎండలు ముదిరే దాకా సూర్యలంక, నిజాంపట్నం తీరాల్లో రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. పొదిగేది ఇసుక వేడి. ఇసుక ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటపడతాయి. కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వకుండా అటవీశాఖ వాటిని ఏరి దడికట్టిన చోట్ల పొదిగిస్తోంది.

ఇక మొదట చెప్పిన నీటి సంగతి. వాన నీరు ఉప్పునీటికన్నా తేలిక. ఇసుకలోకి ఇంకిన నీరు ఉప్పునీటిలో కలిసిపోకుండా దాని మీద తేలుతుంది. శాస్త్రం లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే దాని బరువుకు కింద నలభై అడుగుల దాకా ఉప్పునీరు తగ్గి ఉంటుంది. ఇదే లెక్క తిరగేస్తే భయపెడుతుంది. పైన ఒక అడుగు పోతే కింద ఉప్పు నలభై అడుగులు పైకి లేస్తుంది. పెద్ద మోటారు పెట్టి ఒక్కచోటే తోడితే అడుగున ఉన్న ఉప్పు నేరుగా మోటారులోకే ఎక్కుతుంది.

దిబ్బల రైతు ఈ లెక్క చదవకుండానే దొరువు తవ్వాడు. దొరువు అంటే ఏటవాలు గట్లతో, లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉండే గుంట. రెండు చేతులా రెండు బిందెలతో దిగి, ముంచి, ఎక్కి, నారుమడి మీద చిలకరిస్తూ పోవడం, మళ్లీ దిగడం. పొద్దు పొడిచే ముందు మొదలైతే ఎండెక్కే దాకా అదే పని. కష్టమే గానీ పైపై నీరు తప్ప కిందిది కదిలేది కాదు. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన పథకం దీన్నే మెరుగుపరచింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పై నీటిని మాత్రం మధ్యలోని బావికి చేర్చి, అక్కడి నుంచి స్ప్రింక్లర్లతో వేరుశనగకూ కూరగాయలకూ చల్లించింది. పాత దొరువు ఆక్రమించే నేల కూడా మిగిలింది. ఊరి తెలివికి శాస్త్రం ఇచ్చిన గౌరవం ఇంతకన్నా మరొకటి కనబడదు.

ఇప్పుడు దిబ్బకు వచ్చిన ముప్పు లారీల రూపంలో ఉంది. ఇళ్ల స్థలాలు, రోడ్లు మెరక చేయడానికి బుసక కావాలి. బుసక అంటే ఈ దిబ్బే. ఒక రాత్రి జేసీబీ తోలుకుపోయే ఇసుక గాలి మళ్లీ పేర్చాలంటే తరాలు పడుతుంది, అదీ సముద్రం ఒడ్డునే. ఊరి లోపలి దిబ్బలు సముద్రం వదిలిపెట్టి వెళ్లినవి. వాటిని మళ్లీ కట్టే అలా లేదు, గాలీ లేదు. దిబ్బ పోయిన చోట వాన నీరు నిలిచే పాత్రే పోతుంది, పక్క చేల దొరువుల్లో ఉప్పు తేలుతుంది. 1977 నవంబరు ఉప్పెనను చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున ఎత్తున ఉన్న నేల విలువ లారీ బుసక ధరతో తూగేది కాదు.

గ్రామసభల్లో రోడ్ల గురించీ దీపాల గురించీ అడుగుతున్నాం. ఇక మీదట బుసక తవ్వకం మాట ఎక్కడ వచ్చినా, ముందుగా చుట్టుపక్కల దొరువుల్లో, బావుల్లో ఉప్పు ఎంత ఉందో పరీక్ష చేయించి ఆ కాగితం సభలో చదవమని కర్లపాలెం, పేరలి, బుద్దాం, యాజలి వాసులు పట్టుబట్టాలి. నీటి పరీక్షకు పెద్దగా ఖర్చు కాదు. చేయించడానికి బాపట్ల దగ్గరే ఉంది.